సీసా మీది చీటీని నమ్మవచ్చునా?

పిల్లలూ! మా పటమట రైతుబజారులో కూరలు కొనే అమ్మలను, మామ్మలను ఒకసారి గమనించి చూడండి. దొండకాయలు ఏరి తట్టలో పోయకముందే వాళ్ల చూపు కాటా మీదికి పోతుంది. పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు కాటా సున్నా చూపుతోందా, లేదా? చూపకపోతే "ముందు సున్నా చెయ్యి నాయనా, తర్వాత తూచుదువుగాని" అంటారు.

ఆ మామ్మ ఏ కాలేజీలోనూ సైన్సు చదువుకోలేదు. అయినా సైన్సులోని అతి ముఖ్యమైన పాఠం ఆమెకు తెలుసు. కొలిచే సాధనాన్ని ముందుగా పరీక్షించాలి; ఆ తరువాతే అది చెప్పే అంకెను నమ్మాలి.

ఈ పాఠాన్ని గొప్ప గొప్ప ప్రయోగశాలల్లో సైతం కొందరు మరచిపోతున్నారు. మన బడుల్లోనైతే దీన్ని గట్టిగా నేర్పడమే లేదు. ఇదీ నా ఫిర్యాదు. ఫిర్యాదు అన్నాక సాక్ష్యం చూపాలి కదా! చూపుతాను, వినండి.

రెండు చుక్కల ద్రవం

జీవశాస్త్ర ప్రయోగశాలలో చలిపెట్టె తలుపు తెరిస్తే వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క దానిలో అడుగున రెండు చుక్కల ద్రవం ఉంటుంది. దాని ఖరీదు మాత్రం వేల రూపాయలు! అటువంటి గొట్టం ఒకటి తీసి చీటీ చదువుదాం: "ఫాస్ఫో-యాక్ 1, టైరోసిన్ 284, ప్రతిరక్షకం."

మంత్రంలా ఉంది కదూ? భయపడకండి. ఒక్కొక్క ముక్కా విడదీసి చూస్తే ఇందులో అర్థంకానిది ఏమీ లేదు.

మన శరీరంలోని జీవకణానికి నోరు లేదు. అయినా అది బయటి నుంచి కావలసిన పదార్థాలను లోపలికి తీసుకుంటుంది. ఎలాగంటారా? పూరీ పిండి ముద్దను బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది చూడండి, అలాగే కణత్వచం ఒకచోట లోపలికి గుంట పడుతుంది. ఆ గుంటలోకి పదార్థం చేరుతుంది. గుంట అంచులు దగ్గరగా వచ్చి మూసుకుంటాయి. చిన్న సంచి తయారై తెగి కణంలోపలికి పోతుంది. దీనినే ఎండోసైటోసిస్ అంటారు. సంచి చుట్టూ క్లాత్రిన్ అనే ప్రోటీను, వెదురుబద్దలతో అల్లిన గంపలాగా, అల్లుకొని ఉంటుంది. కణం పైభాగాన "పెరుగు, విభజన చెందు" అనే కబురును అందుకొనే గ్రాహకాలు ఉంటాయి. వాటిలో కొన్ని పని ముగిశాక ఈ సంచుల ద్వారానే లోపలికి పోతాయి. అవి లోపలికి పోకుండా పైనే ఉండిపోతే కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అప్పుడు కణం అదుపు తప్పే ప్రమాదం ఉంది.

ఈ వ్యవహారంలో పాలుపంచుకొనే ప్రోటీన్లలో ఒకటి యాక్ 1. ఇది క్లాత్రిన్‌ను పట్టుకోగలదు. ఇది కైనేజు జాతికి చెందిన ఎంజైము. కైనేజుల పని ఏమిటో తెలుసా? ఇతర ప్రోటీన్లకు భాస్వరపు ముక్కను, అంటే ఫాస్ఫేటును, అతికించడం. ఫాస్ఫేటు అతుక్కుంటే కొన్ని ప్రోటీన్లు నిద్రలేస్తాయి, కొన్ని నిద్రపోతాయి. ఇలా అతికించడం, తీసివేయడం ద్వారా కణం తన పనులను నడుపుకుంటుందని కనుగొన్నందుకే ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ అనే శాస్త్రజ్ఞులకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది.

యాక్ 1 అనేది 1,038 అమైనో ఆమ్లాలు దండలా గుచ్చుకున్న ప్రోటీను. ఆ దండలో 284వ పూస టైరోసిన్. ఆ పూసకు ఫాస్ఫేటు అంటుకుందంటే యాక్ 1 మేల్కొని పనిచేస్తున్నదని గుర్తు. కొన్ని రకాల కాన్సరు కణాలలో ఇది ఉండవలసిన దానికంటే ఎక్కువ మెలకువగా ఉంటున్నదని పరిశోధకులు గమనించారు. కాబట్టి "ఆ పూసకు ఫాస్ఫేటు ఉందా, లేదా?" అన్నది ఊరికే అడిగే ప్రశ్న కాదు. దాని వెనుక రోగి ప్రాణం ఉండవచ్చు.

కిలోన్నర దోసకాయలో ఒక గ్రాము

ఫాస్ఫేటు ఎంత చిన్నదో చూడండి. యాక్ 1 బరువులో అది సుమారు 1,400వ వంతు. కిలోన్నర దోసకాయ కొంటే అందులో ఒక గ్రాము తేడాను కనిపెట్టాలన్నమాట! అదీ వేలాది ఇతర ప్రోటీన్ల గుంపులో. అందుకు వాడే కాటాయే మన గొట్టంలోని ప్రతిరక్షకం.

ప్రతిరక్షకం మీకు కొత్తది కాదు. దివిసీమ పొలాలలో పాము కరిచినవారికి ఆస్పత్రిలో ఎక్కించే విరుగుడు మందు ప్రతిరక్షకాలతోనే తయారవుతుంది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని రక్తంలో ఆ విషాన్ని పట్టుకొనే ప్రతిరక్షకాలు పుడతాయి. మన దేశంలో తయారయ్యే విరుగుడు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజర్లు, ఈ నాలుగింటి విషాలకు ఉద్దేశించినది. వేరే జాతి పాము కరిస్తే అది సరిగా పనిచేయకపోవచ్చు. ఎందుకంటే ప్రతిరక్షకం తాళంచెవి వంటిది. తన తాళానికే సరిపోతుంది.

ఇదే కిటుకును శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో వాడుకున్నారు. యాక్ 1లో 284వ పూస చుట్టూ ఉన్న చిన్న ముక్కను కృత్రిమంగా తయారుచేసి, దానికి ఫాస్ఫేటు తగిలించి కుందేలుకు ఎక్కిస్తారు. కుందేలు రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి. అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. వాటిలో కొన్ని ఫాస్ఫేటు ఉంటేనే పట్టుకుంటాయి. కొన్ని ఫాస్ఫేటు లేకపోయినా పట్టుకుంటాయి. ఇంకొన్ని, పోలిక ఉన్న వేరే ప్రోటీన్లను కూడా పట్టుకుంటాయి! అందుకని ఆ రసాన్ని ఫాస్ఫేటు లేని ముక్కలు నింపిన గొట్టం గుండా పంపి, అక్కరలేని ప్రతిరక్షకాలను వడకడతారు. బియ్యంలో రాళ్లు ఏరినట్టే. ఎంత జాగ్రత్తగా ఏరినా ఒకటి రెండు రాళ్లు పంటికింద తగలడం మనకు తెలియనిది కాదు.

ఆ తరువాత కణాల రసంలోని ప్రోటీన్లను జెల్లులో పరిమాణాన్ని బట్టి వేరుచేసి, ఒక పలుచని పొర మీదికి ఎక్కించి, దాని మీద ప్రతిరక్షకాన్ని పోస్తారు. అది పట్టుకున్న చోట గీత కనిపిస్తుంది. గీత కనిపించగానే "యాక్ 1 మేల్కొంది!" అని రాసేస్తారు.

ఆగండి! కాటా సున్నా చూశారా?

నాలుగు ప్రశ్నలు

మన మామ్మ ఆ ప్రయోగశాలలో ఉంటే ఏమి అడిగేదో ఆలోచించండి.

మొదటిది: "యాక్ 1 అసలు లేని కణాలలో చూశావా?" జన్యువును తొలగించి యాక్ 1 తయారు కాని కణాలను ఇప్పుడు పెంచగలం. వాటిలో కూడా గీత వస్తే ఆ గీత యాక్ 1ది కాదు, మరెవరిదో!

రెండవది: "ఫాస్ఫేటును తీసేసి చూశావా?" ఫాస్ఫేటును ఊడదీసే ఫాస్ఫటేజు అనే ఎంజైములు ఉన్నాయి. నమూనాలో సగం తీసి దానికి ఆ ఎంజైమును కలిపితే గీత మాయం కావాలి. కాకపోతే ఈ ప్రతిరక్షకానికి ఫాస్ఫేటు సంగతే పట్టలేదన్నమాట.

మూడవది: "ఆ పూసను మార్చి చూశావా?" టైరోసిన్‌కు బదులు ఫినైలలనిన్ అనే పూసను గుచ్చవచ్చు. రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కాని ఫాస్ఫేటు అంటుకొనే చోటు ఫినైలలనిన్‌కు లేదు. అప్పుడు కూడా గీత పోవాలి.

నాలుగవది: "గీత రాకపోతే ఫాస్ఫేటు లేదనేనా?" కాదు! కణాలను పగలగొట్టినప్పుడు వాటిలోనే ఉన్న ఫాస్ఫటేజులు మేల్కొని ఫాస్ఫేట్లను ఊడదీస్తాయి. అందుకే నమూనాను మంచులో ఉంచి, ఆ ఎంజైములను ఆపే రసాయనాలు కలుపుతారు. ఇది చేయనివాడు ఉన్నదాన్ని లేదనుకుంటాడు.

చూశారా! ఇందులో రెండవ, నాలుగవ ప్రశ్నలకు పెద్ద ఖర్చు కూడా లేదు. కావలసింది అడిగే బుద్ధి మాత్రమే.

అడగకపోతే ఏమవుతుంది?

"ఇంత అనుమానం ఎందుకండీ? కంపెనీవారు పరీక్షించే అమ్ముతారు కదా" అని మీలో కొందరు అనవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. జవాబుగా మూడు సంగతులు చెబుతాను.

ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోను రక్తకణాల వృద్ధికి తోడ్పడుతుంది. దాన్ని అందుకొనే గ్రాహకం కాన్సరు గడ్డలలోనూ కనిపించిందని ఎన్నో వ్యాసాలు వచ్చాయి. రక్తహీనత ఉన్న కాన్సరు రోగులకు ఆ హార్మోనును మందుగా ఇస్తారు కనుక ఇది చిన్న మాట కాదు. తీరా 2006లో పరీక్షించి చూస్తే, ఆ వ్యాసాల కోసం ఎక్కువగా వాడిన ఒక ప్రతిరక్షకం వేరే ప్రోటీనును పట్టుకుంటున్నదని తేలింది! గీత నిజమే, గీత మీద రాసిన పేరు తప్పు.

2015లో నూరుమందికి పైగా శాస్త్రజ్ఞులు కలిసి ఒక విజ్ఞప్తి ప్రకటించారు. సరిగా పనిచేయని ప్రతిరక్షకాల వల్ల ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 80 కోట్ల డాలర్లు వృథా అవుతున్నాయని వారి అంచనా.

2023లో ఒక బృందం నాడీ వ్యవస్థకు సంబంధించిన 65 ప్రోటీన్ల కోసం బజారులో దొరికే 614 ప్రతిరక్షకాలను తీసుకొని, ఆయా ప్రోటీను లేని కణాలతో సరిపోల్చి పరీక్షించింది. సగానికి పైగా ఏదో ఒక పరీక్షలో తప్పాయి. అయితే ఇందులో సంతోషించవలసినదీ ఉంది. ఆ పనిలో తయారీదారులే చేయి కలిపారు. తప్పిన సరుకులో చాలావాటిని అమ్మకం నుంచి తీసివేయడమో, వాటి వాడుకను గురించి చెప్పే సూచనలను మార్చడమో చేశారు. ఫలితాలను అందరూ చూసేట్టు బయట పెట్టారు.

కాబట్టి కంపెనీలన్నీ మోసం చేస్తున్నాయని నేను అనడం లేదు. ఒక కుందేలు ఇచ్చిన రసం మరో కుందేలు ఇవ్వదు. కుందేలు చనిపోతే ఆ రసం మళ్లీ రాదు. కిందటి ఏడాది బాగా పనిచేసిన చీటీ ఈ ఏడాది పనిచేయకపోవచ్చు. ఒక పనికి సరిపోయినది మరో పనికి సరిపోకపోవచ్చు. అందువల్ల ఎవరి కాటాను వారే సరిచూసుకోవాలి.

భీమవరం కుర్రవాడు చూపిన దారి

ఫాస్ఫేటు మాట వచ్చాక మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకపోతే ఎలా? ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో, కండరంలో ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. ఫాస్ఫేటుకు మాలిబ్డేటును, మరికొన్ని రసాయనాలను చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. మన డెల్టా రైతులు డి.ఏ.పి. వేసేముందు చేయించే మట్టి పరీక్షలలో భాస్వరాన్ని పట్టిచ్చేది కూడా ఇటువంటి నీలిరంగే.

ఈ పద్ధతిలో గమనించవలసినది ఒకటుంది. నమూనా రంగును ఒంటరిగా చూడరు. ఎంత ఫాస్ఫేటు ఉందో ముందే తెలిసిన ద్రావణాన్ని పక్కన పెట్టి, రెండు రంగులనూ సరిపోల్చుతారు. అంటే కాటాకు రాయి పక్కనే ఉందన్నమాట!

అప్పుడేమి జరిగిందో తెలుసా? కండరం రసాన్ని కొలిచినప్పుడు నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. నెమ్మదిగా, కొంచెంకొంచెంగా చిక్కబడింది. పక్కన తెలిసిన ద్రావణం ఉంది కాబట్టే ఆ తేడా తెలిసింది. మరొకరైతే "ఏదో పొరపాటు" అని ఊరుకొనేవారేమో. వారు ఊరుకోలేదు. కండరంలో ఉన్నది ఉత్త ఫాస్ఫేటు అని అప్పటిదాకా అందరూ అనుకున్నారు. నిజానికి అందులో చాలా భాగం క్రియాటిన్‌తో కలిసి ఉందని, పరీక్షలోని ఆమ్లంలో అది మెల్లగా విడిపోతున్నదని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, ప్రకటించిన సంవత్సరం 1927. రెండేళ్ల తరువాత ఏ.టి.పి.ని కూడా వారు కండరం నుంచి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. కైనేజులు ప్రోటీన్లకు అతికించే ఫాస్ఫేటు ఈ ఏ.టి.పి. నుంచే వస్తుంది!

అంటే సుబ్బారావు గారు పాత చీటీని చింపి సరైన చీటీ అంటించారు. ఎలా చేయగలిగారు? సరిపోల్చి చూడడం వల్ల. రాని రంగును కూడా గౌరవించడం వల్ల.

నా మార్కుల కథ

ఇక మన బడుల సంగతికి వస్తాను. ఇతరులను అనేముందు నన్ను నేను అనుకోవాలి.

ఇంటర్మీడియట్ చదివేటప్పుడు రసాయనశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలో ఉప్పు విశ్లేషణ ఉండేది. ఏ నంబరు సీసాలో ఏ లవణం ఉందో సీనియర్లు మాకు ముందే చెప్పేశారు. నాకు వచ్చినది ఫాస్ఫేటు లవణం. అమ్మోనియం మాలిబ్డేటు పోసి వేడిచేస్తే పసుపుపచ్చని అవక్షేపం రావాలి. నేను పరీక్షనాళికను దీపం దగ్గరికైనా తీసుకుపోలేదు. "పసుపుపచ్చని అవక్షేపం ఏర్పడినది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పూర్తి మార్కులు వచ్చాయి! ఆ రోజున ఎవరైనా సీసా మార్చి ఉంటే నా జవాబు మారేదా? మారదు. నేను సీసా మీది నంబరునే పరీక్షించాను, సీసాలో ఉన్నదాన్ని కాదు. ఆ మార్కులు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మీలో చాలామంది రికార్డు పుస్తకాల్లో "పరిశీలన" అన్న శీర్షిక కింద ఏమి రాస్తున్నారో నాకు తెలుసు. పుస్తకంలో ఉన్నదే రాస్తున్నారు. వచ్చిన అంకె వేరైతే దాన్ని చెరిపి "రావలసిన" అంకెను వేస్తున్నారు. అలా పెరిగిన పిల్లవాడు రేపు పరిశోధకుడై చలిపెట్టెలోంచి గొట్టం తీసినప్పుడు చీటీని నమ్మక ఇంకేం చేస్తాడు? తప్పు గొట్టంలో కంటే ముందు మన రికార్డు పుస్తకంలో ఉంది.

అందుకని నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. బడిలో చేసే ప్రతి ప్రయోగానికీ పక్కన సరిపోల్చే పరీక్ష ఒకటి ఉండి తీరాలి. అన్నం మెతుకు మీద అయొడిన్ చుక్క వేసి నీలినలుపు రంగు చూపించారా? పక్కన ఉత్త నీటి మీద కూడా ఒక చుక్క వేయండి. ప్రాక్టికల్ మార్కులలో కొన్ని "నీ ఫలితం తప్పు కాదని ఎలా తెలుసుకున్నావు?" అన్న ప్రశ్నకు కేటాయించాలి. అనుకున్నది రాని విద్యార్థి ఉన్నది ఉన్నట్టు రాస్తే అతనికి మార్కులు తగ్గించకూడదు. అలాగే ప్రజల డబ్బుతో నడిచే పరిశోధనశాలలు తాము కొన్న ప్రతిరక్షకాలలో ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నది అందరికీ చెప్పాలి. ఒకచోట పోయిన డబ్బు పదిచోట్ల పోకుండా ఉంటుంది.

"అరవైమంది పిల్లలు, పది పరీక్షనాళికలు. ఇదంతా ఎలా కుదురుతుంది?" అని మాస్టార్లు అడుగుతారు. వారి కష్టం నేను ఎరుగుదును. కాని సరిచూసే నాళిక తరగతి మొత్తానికి ఒక్కటి చాలు. దానిని అరవైమందీ చూడవచ్చు. ఖర్చు ఒక్క నాళిక. వచ్చేది అరవైమందికి జీవితాంతం నిలిచే అలవాటు.

మీరు చేయగలిగినది ఇంకా సులువు. ఈసారి ఎవరైనా మీకు ఒక ఫలితం చెబితే, అది పాఠంలోది కావచ్చు, ప్రకటనలోది కావచ్చు, ఫోనులో వచ్చిన వార్త కావచ్చు, "దేనితో సరిపోల్చి చూశారు?" అని మర్యాదగా అడగండి. జవాబు ఉన్నవారు సంతోషంగా చెబుతారు. లేనివారు కోప్పడతారు. ఆ కోపం కూడా ఒక ఫలితమే, దాన్నీ రాసుకోండి!

ఈ వ్యాసంలో నేను చెప్పినవి కూడా ఊరికే నమ్మకండి. మీ మాస్టారుగారిని అడగండి, గ్రంథాలయంలో వెతకండి. తప్పు దొరికితే నాకు ఉత్తరం రాయండి. అంతకంటే ముందు, రేపు బజారుకు వెళ్లినప్పుడు కాటా సున్నా చూపుతోందో లేదో చూడడం మరచిపోకండి.